మా పేర్లు గెజిట్‌లో పడలేదు

మొన్నామధ్య మా వేమూరులో ఒక రిటైర్మెంటు సభకు పిలిస్తే వెళ్లాను. శాలువాలు, దండలు, సెల్‌ఫోన్లలో ఫొటోలు అన్నీ అయ్యాక భోజనాల దగ్గర నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. పక్క ఊళ్లో గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటట. మర్యాద తెలిసిన పిల్ల. నా విస్తట్లో పెరుగు పడలేదని తనే వడ్డించేవాణ్ణి కేకేసింది. ఆ తర్వాత మెల్లిగా అడిగింది: "తాతగారూ, ఇందాక మైకులో మీరు పాతకాలం ఎన్జీవో అని చెప్పారు కదండీ. మీది ఏ ఎన్జీవో? పిల్లల కోసమా, వృద్ధాశ్రమమా?"

ముద్ద గొంతు దిగలేదు నాకు.

ఆ పిల్లను ఏమీ అనలేదు. అనాల్సింది ఆ పిల్లను కాదు. ఇవాళ ఎన్జీవో అంటే విరాళాలు పోగుచేసి సేవ చేసే స్వచ్ఛంద సంస్థ అని ఊరంతా అనుకుంటోంది. సరే, ఊరు అనుకోవచ్చు. ప్రభుత్వం దగ్గర జీతం తీసుకుంటున్న ఉద్యోగి కూడా అలాగే అనుకుంటే ఎలా? తన జీతంలో డీఏ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో, పీఆర్సీ ఎందుకు వేస్తారో, పై అధికారి కోపం వచ్చినంత మాత్రాన తనను ఇంటికి ఎందుకు పంపించలేడో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చందా రసీదు చింపి చేతిలో పెట్టారు, అంతే. నా కోపం అందుకు. డెబ్బై ఆరేళ్ల వయసులో కళ్లజోడు తుడుచుకుని ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నది కూడా అందుకే.

అమ్మాయ్, మా రోజుల్లో ఎన్జీవో అంటే నాన్ గెజిటెడ్ ఆఫీసరు. డిప్యూటీ కలెక్టరుకి బదిలీ అయినా, ఆయన నెల్లాళ్లు సెలవు పెట్టినా ప్రభుత్వ గెజిట్‌లో పేరు అచ్చయ్యేది. గుమాస్తా చేరినా అచ్చుకాదు, చచ్చినా అచ్చుకాదు. జమాబందీ లెక్కలు తేల్చేది మేము, తుఫాను వస్తే నష్టాల పట్టీలు కట్టేది మేము. గెజిట్‌లో పేరు పడని ఆ మనుషులంతా కలిసి తమ పేర్లు తామే ఒక పుస్తకంలో రాసుకున్నారు. దాన్నే ఎన్జీవో సంఘం అన్నారు.

నేను 1970లో చేరాను. అప్పటికి మా వేమూరు గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలో ఉండేది. మండలాలు లేవు, అవి 1985 మే నెలలో వచ్చాయి. ఇప్పుడైతే 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా అంటున్నారు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు పట్టుకుని తిరిగి తిరిగి, "టెన్ ఏ వన్" కింద తాత్కాలిక ఎల్డీసీగా కుర్చీ దొరికింది. ఆ రూలు కింద చేరినవాణ్ణి కారణం చెప్పకుండా ఎప్పుడైనా పంపించేయొచ్చు. పొద్దున్నే రేపల్లె నుంచి వచ్చే రైలు వేమూరు స్టేషన్లో ఎక్కితే తెనాలిలో దిగడం. బొగ్గింజను రైలు. ఆఫీసుకు చేరేసరికి తెల్ల చొక్కా కాలరు మీద నల్లటి నుసి. టిఫిన్ క్యారేజీలో చద్దన్నం, చేతిలో గొడుగు. అదీ మా హోదా.

ఆఫీసంటే ఇప్పటిలా చల్లటి గదులు కావు. కొయ్య ర్యాకుల నిండా ఎర్రటి ట్యాగులు వేలాడే ఫైళ్లు. తపాలు విప్పగానే ప్రతి కాగితానికీ, అంటే మా ఆఫీసు భాషలో కరెంటుకి, నంబరు వేయాలి, పర్సనల్ రిజిస్టర్లో ఎక్కించాలి, నోట్ ఫైలు రాయాలి. పని ముగిసిన ఫైలుకి కూడా ఆయుష్షు నిర్ణయించాలి. ఎల్.డిస్ అంటే ఏడాది, కె.డిస్ అంటే మూడేళ్లు, డి.డిస్ అంటే పదేళ్లు. ఆర్.డిస్ అని రాస్తే ఇక అది ఎప్పటికీ ఉండాల్సిందే, చింపడానికి వీల్లేదు. ఒక్క రెమింగ్టన్ మిషను, దాని చుట్టూ నలుగురు. కార్బన్ పేపర్లు పెట్టి ఆరు ప్రతులు కొడితే ఆరోది దేవుడు కూడా చదవలేడు. సర్క్యులరు వేయాలంటే స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ తిప్పాలి, చేతులు మోచేతుల దాకా నలుపు. సంఘం కరపత్రం కూడా అలాగే వేసేవాళ్లం. ఆఫీసు కాగితం మీద మాత్రం ఎన్నడూ వేయలేదు. స్టెన్సిల్ డబ్బులు, కాగితం డబ్బులు చందాలోంచి పోయేవి. సంఘం సెక్రటరీగారు బిల్లు చూపించేవారు, మేం సంతకాలు పెట్టేవాళ్లం.

మా హెడ్ గుమాస్తాగారు మద్రాసు రాష్ట్రం నాటి మనిషి. సంఘం తొలి రోజులు ఆయన నోట విన్నవే. అప్పట్లో ఉద్యోగి పై అధికారికి రాసే కాగితం ఏదైనా సరే, చివర "తమ మిక్కిలి విధేయుడైన సేవకుడు" అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాలి. సంఘం రాసే విజ్ఞాపన కూడా అంతే. కోర్కె అని రాయకూడదు, డిమాండు అసలే రాయకూడదు. "దయతో పరిశీలించ ప్రార్థన" అని రాయాలి. సమావేశం ఆదివారం పెట్టుకోవాలి. అదైనా పైవాళ్ల చెవిన వేసి పెట్టుకుంటే మంచిది. ఫ్యాక్టరీ కార్మికులకు 1926 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం అండ ఉంది. గుమాస్తాకి ఆ అండ కూడా లేదు. మాది యూనియన్ కాదు, సంఘం. సర్కారు గుర్తిస్తేనే ఉన్నట్టు, గుర్తింపు తీసేస్తే లేనట్టు.

"మరి దానివల్ల ఏం లాభం?" అని నేను అడిగాను ఆయన్ను, కుర్రతనంలో. ఆయన ఇచ్చిన జవాబు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. "ఒక్కడు వెళ్లి నిలబడితే అర్జీదారు అంటారు అబ్బాయ్. పదిమంది వెళ్లి నిలబడితే కూర్చోమంటారు."

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది. మద్రాసులో చెట్టంత ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు కర్నూలులో గుడారాల్లో కూర్చుని ఫైళ్లు రాశారు. మూడేళ్లు తిరక్కుండానే 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, హైదరాబాదు. ఇక్కడివాళ్లు మద్రాసు రూల్సు కింద, అక్కడివాళ్లు నిజాం నాటి రూల్సు కింద చేరినవాళ్లు. ఎవరు సీనియరు, ఎవరు జూనియరు, ఎవరి జీతం ఎంత అని ఏళ్ల తరబడి తగాదా. ఆ తగాదాల్లో గుమాస్తా తరఫున కాగితం రాసి, ఆ కాగితాన్ని పట్టుకుని సెక్రటేరియట్ మెట్లు ఎక్కినవాళ్లే సంఘాన్ని నిలబెట్టింది.

ఇంకో మాట కూడా ఆ పిల్లకు చెప్పాలి. సంఘంలో చేరడం, ఊరేగింపులో నడవడం నీకు పుట్టుకతో వచ్చిన హక్కులనుకుంటున్నావేమో. కాదు. కేంద్ర ప్రభుత్వం 1955 నాటి నడవడి నిబంధనల్లో గుర్తింపు లేని సంఘంలో ఉద్యోగి ఉండకూడదని రాసింది. బీహారులో ఉద్యోగులు ప్రదర్శన చేయడమే నేరమన్నారు. రెండు వ్యవహారాలూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 1962లో కామేశ్వర ప్రసాద్ కేసులో, అదే ఏడాది ఓ.కె. ఘోష్ కేసులో కోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది. సమ్మె చేయడం మాత్రం ప్రాథమిక హక్కు కాదని అప్పుడే చెప్పింది. 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో ఆ మాట ఇంకా గట్టిగా చెప్పింది. అక్కడ సమ్మె చేసిన పాపానికి లక్షకు పైగా ఉద్యోగులను ఒక్క వేటున తీసేశారు. అంటే సంఘం అన్నది ఎప్పుడూ కత్తి అంచున నడిచిన వ్యవహారమే. మనది అనుకుని కాపాడుకుంటేనే ఉంటుంది.

మా రోజుల్లో చందా నెలకు పైసల్లో ఉండేది, తర్వాత రూపాయి అయింది. ఒకటో తారీఖున ఎక్విటెన్సు రిజిస్టర్లో రెవిన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి జీతం చేత్తో లెక్కపెట్టుకునేవాళ్లం. మూడంకెల జీతం. అందులోంచే సరుకుల కొట్టు, పాలు, అద్దె. ఆ లెక్కంతా అయ్యేదాకా సెక్రటరీగారు బల్ల పక్కన రసీదు పుస్తకంతో ఓపిగ్గా నిలబడేవారు. ఒక్కరి దగ్గరా బలవంతాన తీసుకోలేదు. ఇవ్వలేని నెల ఇవ్వనన్నా ఏమీ అనేవారు కాదు. కానీ సాయంత్రం సైకిలు వేసుకుని ఆ ఇంటికి వెళ్లేవారు. "చందా కోసం కాదు లేవయ్యా, ఈ నెల ఎందుకు ఇవ్వలేకపోయావో కనుక్కుందామని వచ్చాను" అనేవారు. పెళ్లాం ఒంట్లో బాగోలేదనో, అప్పువాడు గుమ్మంలో కూర్చున్నాడనో అప్పుడు బయటపడేది. ఇవాళ చందా బ్యాంకు నుంచి బ్యాంకుకి పోతోంది. ఇవ్వలేనివాడెవడో ఎవరికీ తెలియదు.

1977 అక్టోబరులో కారుణ్య నియామకాల మీద 687 నంబరు జీవో వచ్చింది. ఉద్యోగి మధ్యలో పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం అని. ఆ జీవో నంబరు మా తరంలో ఇంటి నంబరులాగా అందరికీ నోటికి వచ్చు. దానికి ముందు పోయినవాడి ఇంటికి దిక్కు తోటి గుమాస్తాలే. పింఛను కాగితాలు రాసేది సంఘం. అకౌంటెంట్ జనరల్ ఆఫీసు అభ్యంతరం పెట్టి తిప్పి పంపితే జవాబు రాసేది సంఘం. సర్వీసు పుస్తకంలో పదేళ్ల కిందట ఒక ఎంట్రీ మీద అధికారి సంతకం పెట్టడం మర్చిపోయాడని ఒకావిడ పింఛను ఏడాదిన్నర ఆగింది. అప్పటికి ఆ అధికారి రిటైరై ఎక్కడో రాయలసీమలో ఉన్నాడు. మా సెక్రటరీగారు సెలవు పెట్టుకుని, సొంత ఖర్చుతో వెళ్లి, అడ్రసు పట్టుకుని సంతకం తెచ్చారు. ఇది ఏ పేపర్లోనూ రాలేదు.

ఆ జీవో వచ్చిన మరుసటి నెల, నవంబరు 19న, దివిసీమ ఉప్పెన. అటు కృష్ణకు ఆవల దివిసీమ, ఇటు మా పక్క రేపల్లె, బాపట్ల తీరం. పదివేల మందికి పైగా పోయారు. రేపల్లె తాలూకాలో పనిచేసే మా సోదరుల ఇళ్లు కూడా కూలిపోయాయి. తమ ఇంటి పైకప్పు ఎగిరిపోయినవాళ్లే శవాల లెక్క రాశారు, బియ్యం బస్తాల లెక్క రాశారు. మేం ఒక రోజు జీతం వేసుకుని, బట్టలు, బియ్యం లారీలో వేసుకుని వెళ్లాం. తడిసి ఉబ్బిన రిజిస్టర్లను ఎండలో పేజీ పేజీ విప్పి ఆరబెడుతున్న గుమాస్తాను అక్కడ చూశాను. "ఇవి పోతే జనానికి భూములు పోతాయండీ" అన్నాడు. తన ఇంటి మాట ఎత్తలేదు.

సమ్మెల మాట చెప్పకపోతే కథ సగమే. 1972 అక్టోబరు 3న, తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకేననే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది. కోస్తాలో, రాయలసీమలో ప్రత్యేక రాష్ట్రం కోసం జై ఆంధ్ర ఉద్యమం రగులుకుంది. డిసెంబరులో ఎన్జీవోలు సమ్మెలోకి దిగారు. ఆమనగంటి శ్రీరాములుగారు మా నాయకుడు. వంద రోజులు దాటిన సమ్మె అది. జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది, 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. ఆ ఉద్యమం న్యాయమా కాదా అన్నదాని మీద అటు తెలంగాణ సోదరులకు వాళ్ల మాట వాళ్లకుంది, అది తీసిపారేసే మాట కాదు. 2011లో వాళ్లు 42 రోజులు సకల జనుల సమ్మె చేశారు. 2013లో ఇటు మనవాళ్లు 66 రోజులు సమైక్యాంధ్ర సమ్మె చేశారు. ఒకప్పుడు ఒకే సంఘంలో పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చింది. దానికి నేను ఇప్పటికీ బాధపడతాను.

నేను చెప్పదలచుకున్నది ఆ వంద రోజులు ఎలా బతికామన్నది. మూడు నెలలు జీతం లేదు. కొత్తగా పెళ్లయింది నాకు. సంక్రాంతికి అత్తవారింటికి వెళ్లడానికి రైలు టిక్కెట్టుకు డబ్బుల్లేక మానుకున్నాం. చావలి నుంచి, జంపని నుంచి రైతులు బియ్యం, కందిపప్పు సంఘానికి పంపించారు. సెక్రటరీగారి వరండాలో తక్కెడ పెట్టి, ఇంట్లో ఎంతమంది ఉంటే అంత లెక్కన పంచారు. యూడీసీ అనీ అటెండరు అనీ తేడా లేదు. ముందు అటెండర్లకి తూచేవారు. ఆ తక్కెడ చప్పుడు నాకు ఏ వేదమంత్రం కంటే తక్కువ కాదు.

ఇక 1983. ఆ ఏడు ఫిబ్రవరి 8న ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి దించింది. నెలాఖరుకల్లా, ఫిబ్రవరి 28న, 55 దాటినవాళ్లంతా దిగిపోవాలి. రాష్ట్రం మొత్తం మీద 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. అప్పుడు నేను పనిచేస్తున్న చోట ఒకే సాయంత్రం ముగ్గురు. ముగ్గురికీ కలిపి ఒకే దండ తెచ్చుకున్నాం, ఇంకో రెండు తేవడానికి మనసొప్పలేదు ఎవరికీ. మా సీనియరు ఒకాయన, వైశాఖంలో కూతురి పెళ్లి పెట్టుకున్న మనిషి, చార్జి లిస్టు చక్కటి దస్తూరీతో రాశారు. బీరువా తాళాలు మూడు, గుండుసూదుల డబ్బా ఒకటి, రూళ్లకర్ర ఒకటి. అన్నీ నా చేతికి అప్పజెప్పి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. "ఆ పెండింగు కరెంటుకి రేపు రిమైండరు పెట్టు, మర్చిపోకు" అన్నారు. ఆయనకు రేపు ఆ ఆఫీసులో లేదు. కరెంటుకి మాత్రం రేపు ఉంది.

అమ్మాయ్, ఇక్కడ ఒక విషయం గమనించు. నాకప్పుడు ముప్ఫై నాలుగేళ్లు. పెద్దవాళ్లు దిగిపోతే ప్రమోషను తొందరగా వచ్చేది నాలాంటివాడికే. అయినా ఊరేగింపుల్లో ముందు నడిచింది మా వయసువాళ్లమే. తెనాలి రణరంగ చౌక్ మీదుగా నడిచాం. 1942 ఆగస్టులో ఏడుగురు పోలీసు కాల్పుల్లో ప్రాణాలిచ్చిన చోటు అది. అక్కడ నిలబడి "మా పెద్దల్ని మాకు తిరిగివ్వండి" అని అరిచాం. 1984 ఆగస్టులో ముఖ్యమంత్రి కుర్చీ మారింది. నెలరోజులు ఉన్న ఆ ముఖ్యమంత్రి నాదెండ్ల భాస్కరరావుగారు అప్పుడు మా వేమూరు ఎమ్మెల్యేనే. ఆగస్టు 23న వయసు మళ్లీ 58 అయింది. ఆ గద్దె ఎలా మారిందన్న రాజకీయం నాకు అక్కర్లేదు, మా పెద్దలకు అన్నం దొరికింది. అయితే మధ్యలో దిగిపోయినవాళ్లకు ఆ మేలు వర్తించదన్నారు. వాళ్లు కోర్టుకు వెళ్లారు. 1985లో సుప్రీంకోర్టు ప్రభాకరరావు కేసులో వాళ్లకూ వర్తించాల్సిందేనని చెప్పింది. మరుసటి ఏడే, 1986లో, పీఆర్సీ కోసం యాభై రోజులు దాటిన సమ్మె. ఆ వయసే తర్వాత 2014లో 60, 2022లో 62 అయింది. అరవై రెండేళ్ల దాకా కుర్చీలో కూర్చుంటున్నవాళ్లలో ఆ ఒక్క దండ సంగతి ఎంతమందికి తెలుసు?

ఇక ఇప్పటి సంగతి. సంఘాలు ఎన్నో నాకు లెక్క తెలియడం లేదు. శాఖకొకటి, క్యాడరుకొకటి, చీలినదొకటి, చీలినదాంట్లోంచి చీలినదొకటి. జేఏసీ అంటారు, ఆ జేఏసీలూ రెండు మూడు. అధ్యక్షులు ఎక్కువ, సైకిలు వేసుకుని ఇంటికి వెళ్లేవాళ్లు తక్కువ. డైరీ ఆవిష్కరణకు మంత్రిగారు రావాలి, క్యాలెండరు మీద నాయకుల ఫొటోలు వరసగా పడాలి. మా రోజుల్లో మా సంఘం క్యాలెండరు మీద ఫసలీ లెక్కలు, సెలవు రోజులు ఉండేవి. వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే నాలుగు వందల శుభోదయాలు. అదే గ్రూపులో ఒకతను గుండెపోటుతో ఆస్పత్రిలో ఉన్నాడని పెడితే నూటయాభై దండాల బొమ్మలు. ఆస్పత్రికి ఎవరు వెళ్లారు అని నేను అడిగితే జవాబు లేదు.

అందరినీ ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు. 2022 ఫిబ్రవరి 3న, పీఆర్సీ మీద చలో విజయవాడ జరిగిన రోజు, టీవీ ముందు నుంచి లేవలేదు నేను. పోలీసులు ఎక్కడికక్కడ ఆపుతుంటే పిల్లలు రకరకాల దారుల్లో వెళ్లి బీఆర్టీఎస్ రోడ్డు నింపేశారు. ఒళ్లు పులకరించింది. రెండు రోజులకే చర్చలు, సంతకాలు, సమ్మె విరమణ. ఉపాధ్యాయ సంఘాలు ఒప్పుకోమని బయటికి వచ్చాయి. ఆ ఒప్పందం మంచిదో చెడ్డదో చర్చించుకోవచ్చు. కానీ అంత జనం రోడ్డెక్కిన తర్వాత, ఆ జనానికి తిరిగి వెళ్లి, ఆఫీసు ఆఫీసులో కూర్చుని, ఇది వచ్చింది, ఇది రాలేదు, ఎందుకు రాలేదు అని చెప్పాలి కదా. మా రోజుల్లో సమ్మె విరమిస్తే ప్రతి యూనిట్‌లో జనరల్ బాడీ పెట్టేవాళ్లు. తిట్లు తినేవాళ్లు, జవాబు చెప్పేవాళ్లు.

ఇంతవరకూ ఇప్పటివాళ్లను అన్నాను. ఇప్పుడు మావాళ్లను అనాలి. అనకపోతే నేను రాసిందంతా అబద్ధం.

2004 సెప్టెంబరు 22న 653 నంబరు జీవో వచ్చింది. ఆ నెల 1వ తేదీ నుంచి కొత్తగా చేరేవాళ్లకు మా పాత పింఛను లేదు, కాంట్రిబ్యూటరీ పింఛను అన్నారు. జీతంలో పది శాతం కోత, ప్రభుత్వం వాటా కలిపి మార్కెట్లో పెట్టుబడి, చివరికి ఎంత వస్తే అంత. అప్పుడు నాకు సర్వీసు మూడేళ్లు ఉంది. జీవో కాపీ మా ఆఫీసుకు వచ్చిన రోజు టీ తాగుతూ ఎవరో అన్నారు: "మనకు కాదులే, కొత్తవాళ్లకు." ఆ మాట నేను విన్నాను. లేచి కాదనలేదు. మా సంఘాలు తీర్మానాలు చేశాయి, విజ్ఞాపనలు ఇచ్చాయి. వంద రోజులు పస్తులున్న సంఘం, యాభై అయిదేళ్లవాళ్ల కోసం కుర్రవాళ్లను రోడ్డెక్కించిన సంఘం, ఇంకా ఉద్యోగంలో చేరని పిల్లల కోసం ఒక్క పూట కూడా ఆఫీసులు మూయలేదు. వాళ్లు అప్పటికి సభ్యులు కారు. ఓటు లేదు, చందా లేదు. అందుకే వాళ్ల పింఛను పోయింది. ఈరోజు ఆ పిల్లలు వచ్చి "మీ సంఘం మాకేం చేసింది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎన్జీవో అంటే ఏమిటో వాళ్లకు తెలియకుండా పోయిందంటే, అది మొదలైంది ఆ టీ బల్ల దగ్గరే.

ఆ డిజిటల్ అసిస్టెంటు అమ్మాయిని ఆ రోజు భోజనాల దగ్గరే ఆదివారం ఇంటికి రమ్మన్నాను. వచ్చింది. మా సెక్రటరీగారు పోతూ పోతూ నాకు అప్పజెప్పిన మినిట్సు పుస్తకం అల్మరాలోంచి తీశాను. అట్ట ఊడిపోయింది, గుడ్డతో కుట్టుకున్నాను. మొదటి పేజీ మీద ఆయన తన చేత్తో ఆర్.డిస్ అని రాసి పెట్టారు. అమ్మాయి వెంటనే సెల్‌ఫోన్ తీసి పేజీ పేజీ ఫొటోలు తీయబోయింది. నాకు చిరాకేసింది. "ఫొటోలు తర్వాత తీసుకో తల్లీ, ముందు చదువు. పైకి చదువు" అన్నాను.

పాత దస్తూరీ కదా, కూడబలుక్కుంటూ చదివింది. 1974లో జరిగిన సమావేశం. నాలుగో తీర్మానం దగ్గర ఆమె గొంతు నెమ్మదించింది.

"ఆఫీసులో తాత్కాలిక కాపీయిస్టుగా పనిచేయుచు మరణించిన వ్యక్తి మన సంఘ సభ్యులు కాకపోయినప్పటికిని, వారి భార్యకు మూడు మాసముల పాటు సభ్యులు తలా రెండు రూపాయలు చొప్పున ఇచ్చుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

కింద ఇరవై మూడు సంతకాలు. రెండు వేలిముద్రలు.

ఆ పిల్ల పుస్తకం మీదనుంచి తలెత్తింది. "సభ్యుడు కాకపోతే మరి ఎందుకిచ్చారు తాతగారూ?"

"ఈ ప్రశ్న అడగడానికే పిలిచాను నిన్ను" అన్నాను. "వచ్చే ఆదివారం మీ సచివాలయంవాళ్లందర్నీ తీసుకురా. చందా వద్దు, రసీదు వద్దు. కుర్చీలు నేను వేయిస్తాను."